అది తొమ్మిది కాదు, ర! పాత తెలుగు పుస్తకాలు టైపు చేస్తున్న వారికి బహిరంగ లేఖ

పాత తెలుగు పుస్తకాలను, పత్రికలను యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాల పద్ధతి) టైపు చేసి నెట్‌లో పెడుతున్న మిత్రులకు, వాళ్ల కోసం ఫాంట్లు, ఓసీఆర్‌లు (స్కాన్ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే ప్రోగ్రాములు) తయారు చేస్తున్న ఇంజనీర్లకు,

నమస్కారం.

మా వీధి చివర ఒక సంస్కృతం మాస్టారున్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. నాలుగేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. పుస్తకం లేకుండా పూట గడవని మనిషి. అందుకని మనవరాలు ఆయన ఫోన్‌లో తెలుగును పైకి చదివి వినిపించే ఏర్పాటు చేసింది. నెట్‌లో దొరికిన పాత పుస్తకాలు ఒక్కొక్కటే పెట్టి వెళ్తుంది, ఆయన వాలుకుర్చీలో కూర్చుని వింటుంటారు.

ఒక రోజు నన్ను పిలిపించారు. "అమ్మాయ్, ఇది కాస్త విను" అని ఫోన్ నా చేతికిచ్చారు. ఏదో పాత నీతి పుస్తకం. "ధమ తొమ్మిది ము" అంటోంది ఫోను. రెండు వాక్యాలయ్యాక "కమ తొమ్మిది". ఆ తర్వాత "సవ తొమ్మిది జనులు". మాస్టారు చాలాసేపు ఆలోచించినట్టున్నారు. "శ్లోకాల నంబర్లు మధ్యలో పడ్డాయేమో అనుకున్నానమ్మా. కానీ అన్నీ తొమ్మిదులే వస్తున్నాయి, ఎందుకు?" అని అడిగారు.

తెర మీద చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. ధమ౯ము, కమ౯, సవ౯జనులు. మూల పుస్తకంలో ఉన్న వలపలగిలకను, అంటే సంయుక్తాక్షరంలో ముందొచ్చే ర్ కు పాత గుర్తును, చూసి, అచ్చం అలాగే కనిపిస్తోంది కదా అని ఎవరో తెలుగు అంకె తొమ్మిదిని పెట్టారు. కళ్లున్నవాళ్లకు అది బాగానే కనిపిస్తుంది. పాత అచ్చు అలవాటున్నవాళ్లు "ధర్మము" అనే చదువుకుంటారు. కానీ కంప్యూటర్‌కు అది ఎప్పటికీ అంకే. చూపులేని మాస్టారుకు అది తొమ్మిదిగానే వినిపించింది.

నేను ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఎనిమిదేళ్లుగా పాత పుస్తకాలు టైపు చేసేవాళ్లకు తీరిక వేళల్లో దిద్ది పెడుతున్నాను. మీరెంత కష్టపడతారో నాకు తెలుసు. మసకగా ఉన్న స్కాన్ పక్కన పెట్టుకుని, రాత్రి పదకొండింటికి కూడా పేజీకి పేజీ కొడుతూ ఉంటారు. ఈ ఉత్తరం మీ మీద ఫిర్యాదు కాదు. ఒక్క అక్షరం గురించి మీ అందరినీ ఒక్క మాట అడగాలని రాస్తున్నాను.

వలపల అంటే కుడిపక్క. కాడి కట్టిన ఎద్దుల్లో కుడివైపుదాన్ని వలపటెద్దు అనీ, ఎడమవైపుదాన్ని దాపటెద్దు అనీ మన రైతులు అనేవాళ్లు కదా, అదే వలపల. అక్షరానికి కుడిపక్కన నిలబడే గిలక కాబట్టి వలపలగిలక. మన లిపిలో మిగతా హల్లులన్నిటికీ ఒకటే పద్ధతి. సంయుక్తాక్షరంలో ముందొచ్చిన హల్లు నిండుగా ఉంటుంది, వెనకొచ్చింది వత్తుగా మారి కిందికి చేరుతుంది. ర ఒక్కటే వేరు. వెనకొస్తే క్రారవడి అవుతుంది: చక్రం, ప్రాణం, మిత్రుడు. ముందొస్తే, పాత పద్ధతిలో, తనే చిన్నదైపోయి, వెనకున్న అక్షరానికి పూర్తిగా చోటిచ్చి, దాని కుడిపక్కకు వెళ్లి నిలబడుతుంది. నోటితో ముందు పలికేది, రాతలో తర్వాత కనిపిస్తుంది. "మూర్తి" రాయాలంటే మూ, తర్వాత తి, ఆ తికి కుడిపక్కన గిలక. చదివే కన్ను "తి" దగ్గరకు వెళ్లి, గిలకను చూసి, ర్ ను ముందుకు తెచ్చుకుని పలకాలి. మన పెద్దలు బడిలో నేర్చుకుని తడబడకుండా చదివేవారు.

ఇప్పుడు మనం ర నే నిండుగా రాసి వెనక హల్లుకు వత్తు ఇస్తున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ 20వ శతాబ్దం మొదట్లో అచ్చయిన తెలుగు పుస్తకాలు చాలావాటిలో పేజీ నిండా ఈ గిలకలే. మా చీరాల దగ్గరే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. అక్కడి పాత పత్రికల కట్టలు విప్పితే నేను ముందు చూసేది ఈ గిలకనే. సంస్కృతం మాటల్లోనే కాదు, ఖర్చు, కుర్చీ, మార్చి, తూర్పు, నేర్పు అన్నిటిలోనూ అది ఉంటుంది. మా తాతయ్య జమాఖర్చు పుస్తకంలో "ఖర్చు" అన్న మాట ఆయన చనిపోయేదాకా గిలకతోనే ఉంది.

ఈ గిలక పోతే ఏమవుతుందో ఒకసారి చూడండి. పాత అచ్చును ఓసీఆర్‌కు ఇస్తే అది చాలాసార్లు గిలకను మరకనుకుని వదిలేస్తుంది. అప్పుడు మూర్తి మూతి అవుతుంది. వార్త వాత అవుతుంది. తూర్పు తూపు అవుతుంది, అంటే బాణం. తీర్పు తీపు అవుతుంది. మార్పు మాపు అవుతుంది. ఇవన్నీ నిజమైన తెలుగు మాటలే కాబట్టి తప్పులు పట్టే ప్రోగ్రాములకు కూడా దొరకవు. "మాపు వచ్చింది" అని ఉంటే సాయంత్రమైంది కాబోలు అనుకుని చదివేవాడు ముందుకు వెళ్లిపోతాడు. అక్కడ రచయిత మార్పు గురించి రాశాడని ఎవరికీ తెలియదు. వదిలేయకపోతే, ఓసీఆర్ దాన్ని ౯ అంటుంది, లేదా ఇంగ్లీషు 9 అంటుంది.

టైపు చేసినవాళ్లే ౯ పెట్టినప్పుడు ఇంకా పెద్ద కష్టం వస్తుంది, ఎందుకంటే మనిషి పెట్టింది కాబట్టి అది సరైనదనుకుని అందరూ వదిలేస్తారు. నాకు తెలిసిన ఒక బృందం తాము టైపు చేసిన పుస్తకాలన్నిటిలో పేజీ అంకెలు, సంవత్సరాలు నేటి పాఠకులకు తెలియాలని, తెలుగు అంకెలన్నిటినీ ఒకే ఆదేశంతో మామూలు అంకెలుగా మార్చింది. ఉద్దేశం మంచిదే. మర్నాడు తెరిచి చూస్తే ధమ9ము, కీతి9, సూయు9డు. ఏది నిజమైన తొమ్మిదో, ఏది గిలకో ఇక యంత్రానికి చెప్పే దారి లేదు. మళ్లీ మనుషులే కూర్చుని మాట మాటా చూసి దిద్దాల్సి వచ్చింది. ఆ పేజీల్లో కొన్ని నేనూ దిద్దాను.

మా ఇంట్లోనూ జరిగింది. తాతయ్య పొలం పాత దస్తావేజును టైపు చేయించాలని మా పెదనాన్న కొడుకు ఒక కుర్రాడికిచ్చాడు. నాలుగు హద్దుల దగ్గర "తూపు 9" అని కొట్టి, పక్కన పెన్సిల్‌తో "9 గజాలా?" అని రాసి పంపాడు. పాపం, అతని తప్పేమీ కాదు. ఆ గుర్తును అతనికి ఎవరూ చూపించలేదు. అడిగాడు కాబట్టి తెలిసింది. అడగకుండా గజాలు చేర్చేసి ఉంటే?

వెతకడం సంగతి కూడా చెప్పాలి. పుస్తకాన్ని యూనికోడ్‌లోకి ఎక్కించేదే వెతికితే దొరకాలని. "సర్వ" అని వెతికితే స, ర, పొల్లు, వ ఉన్నచోటికి కంప్యూటర్ వెళ్తుంది. "సవ౯" దానికి కనిపించదు. అకారాది క్రమంలో పెట్టినా అంతే. సర్వం అన్న మాట సరదా, సరసం ఉన్న దగ్గర ఉండాలి. ౯ తో కొడితే వెళ్లి సవతి, సవాలు పక్కన కూర్చుంటుంది. ఎవరో రేపు ఈ పుస్తకాల ఆధారంగా నిఘంటువు చేస్తే, ఏ మాట ఎప్పటినుంచి వాడుకలో ఉందో లెక్క తీస్తే, ర్ ఉన్న మాటలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. తెలుగులో అలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా!

కాబట్టి నా మొదటి విన్నపం. వలపలగిలక స్థానంలో ౯ ఎప్పుడూ పెట్టకండి. మామూలు పాఠకుల కోసం టైపు చేస్తుంటే, మూలంలో గిలక ఉన్నా, ఇవాళ రాసినట్టే ర, పొల్లు, తర్వాతి హల్లు కొట్టేయండి: ధర్మము, కీర్తి, సూర్యుడు. ధ్వని అదే, అక్షరాలు అవే, వెతికితే దొరుకుతుంది, ఫోన్ సరిగ్గా చదువుతుంది. గిలకను ర్ గా విప్పి రాయడం మూలాన్ని మార్చడం కాదు. పుస్తకం మొదట్లో "మూలంలో వలపలగిలక ఉన్నచోట్ల ర్ గా ఇచ్చాం" అని ఒక వాక్యం పెడితే పండితులు కూడా మెచ్చుకుంటారు.

కానీ, ఉన్నది ఉన్నట్టే కనిపించాలి, గిలక గిలకగానే ఉండాలి అనుకునే పనులు కొన్ని ఉంటాయి. తొలి ముద్రణకు అచ్చు ప్రతి చేస్తుంటాం. లిపి చరిత్ర మీద వ్యాసం రాస్తుంటాం. శాసన పాఠం ఇస్తుంటాం. దానికి దారి ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. తెలుగు గిలకను ఎలా కొట్టాలో కూడా ఆ ప్రమాణంలోనే రాసి ఉంది: ర, పొల్లు, ఆ వెంటనే జీరో విడ్త్ జాయినర్, తర్వాత హల్లు. ఈ జాయినర్ కంటికి కనిపించదు. "ఫోన్‌లో" అని రాసేటప్పుడు న్ కింద ల వత్తు పడకుండా ఆపడానికి మనం ఒకటి వాడతాం కదా, నాన్ జాయినర్, దానికి ఇది తోబుట్టువు. అక్షరాలను ఈ రూపంలో కలపాలి అని చెప్పడానికి పెట్టే గుర్తు మాత్రమే. వెతికేటప్పుడు, అకారాదిగా పేర్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని యూనికోడ్ క్రమ నియమాలు చెబుతాయి. అంటే గిలక గిలకగానే కనిపిస్తుంది, లోపల ఉన్నది మాత్రం ర నే.

ఇక ఫాంట్ల వాళ్లతో ఒక మాట. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ అక్షరాలు కలపడానికి హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామును వాడుకుంటాయి. తెలుగులో ర, పొల్లు, జాయినర్ వరసగా వస్తే గిలక వేయాలని దానికి ముందే తెలుసు. మీ ఫాంట్‌లో ఆ ఒక్క రూపం గీసి, ఎక్కడ నిలబడాలో చెబితే చాలు. అది లేకపోతే మేం సరిగ్గా కొట్టినా తెర మీద గిలక రాదు. అది రానప్పుడు టైపు చేసేవాళ్లు విసుగెత్తి మళ్లీ ౯ దగ్గరికే వెళ్తారు. నేను చూసిన తప్పులు సగం అలా పుట్టినవే. ఒక విషయం గుర్తుంచుకోండి: గిలక హల్లుకు వెంటనే కాదు, గుణింతం, వత్తు అన్నీ అయ్యాక వస్తుంది. కీర్తిలో "తి" అంతా అయ్యాకే. పాత పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని గీయండి.

పక్క భాషలవాళ్లు దీన్ని ఎలా చూసుకున్నారో చూస్తే నాకు కొంచెం బాధ కలుగుతుంది. కన్నడ లిపి, మన లిపి ఒకే తల్లి బిడ్డలు. వాళ్లకు ఇది అర్కావొత్తు. ఇవాళ్టికీ రోజూ రాస్తారు. కర్ణాటక బస్సు మన ఊళ్లోకి వచ్చినప్పుడు దాని మీద రాష్ట్రం పేరు గమనించండి. క, నా, ఆ నాకు కుడిపక్కన గిలక, తర్వాత ట, క. మన తాతల గిలక పక్క రాష్ట్రం బస్సు మీద ఊళ్లన్నీ తిరుగుతోంది! కన్నడంలో కంప్యూటర్‌కు అలవాటు ఇంకోలా ఉంటుంది. మామూలుగా కొడితే గిలకే వస్తుంది. "ర్యాంకు" లాంటి మాటలో ర నిండుగా కావాలంటే వాళ్లే జాయినర్ పెట్టుకోవాలి. దేవనాగరిలో, బెంగాలీలో ఇదే గుర్తు అక్షరం నెత్తిన రేఫగా కూర్చుంటుంది. మలయాళంలో నెత్తిన చిన్న గీతలాంటి చుక్క ఉండేది. 1971 లిపి సంస్కరణ తర్వాత అది తగ్గిపోయింది. అయినా పాత పుస్తకాల కోసం వాళ్లు పట్టుబట్టి 2010లో యూనికోడ్‌లో దానికి సొంత స్థానం తెచ్చుకున్నారు. సింహళంలో మనలాగే జాయినర్‌తో రాస్తారు.

మనవాళ్లూ ఊరికే కూర్చోలేదు. దంత్యాలైన ౘ, ౙ లు 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. పాత అచ్చులో న్ కు వాడిన నకార పొల్లు 2021లో వచ్చింది. ఎవరో అడిగితేనే, ఎవరో పాత పుస్తకాల ఫొటోలు పంపి ఒప్పిస్తేనే అవి వచ్చాయి. గిలకకు కొత్తగా స్థానం కూడా అక్కర్లేదు. ఉన్న దారిని వాడితే చాలు.

"ఇప్పుడు ఎవరూ రాయని గుర్తు కోసం ఇంత టెన్షన్ ఎందుకు?" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. రాయమని నేను అడగడం లేదు. నా పిల్లలు రాయరు, నేనూ రాయను. చదవగలగాలి అంటున్నాను. ఇప్పటికీ మన ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో అమ్మమ్మల ఉత్తరాలున్నాయి. దస్తావేజులున్నాయి. పెళ్లి లగ్నపత్రికలున్నాయి. అందులో "ఆశీర్వదించి" అన్న మాట గిలకతోనే ఉంటుంది. ఐదో తరగతి తెలుగు వాచకంలో ఒక్క పేజీ, నాలుగు మాటలు గిలకతో అచ్చువేసి చూపిస్తే పిల్లలు అరగంటలో నేర్చుకుంటారు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఈ ఉత్తరం చదివితే దయచేసి ఆలోచించండి.

ఓసీఆర్ మీద పనిచేస్తున్నవాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఇవాళ్టి ఫాంట్లతో తయారుచేసిన పేజీలు మాత్రమే చూపించి నేర్పిస్తే, దానికి గిలక ఎలా తెలుస్తుంది? చూడనిది మరకలాగే ఉంటుంది. పాత అచ్చు పేజీలను, సరిగ్గా దిద్దిన పాఠంతో కలిపి నేర్పండి. దిద్దిన పేజీలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వాటిలో ర స్థానంలో ర ఉంటే చాలు.

ఇంకొకటి. శాసనాల్లో, కొన్ని తాళపత్రాల్లో గిలక ఉన్నచోట వెనక హల్లు రెట్టించి ఉంటుంది. ధర్మ్మ, సర్వ్వ, కార్య్య అన్నట్టు. అది లేఖకుడి తప్పనుకుని ఒక హల్లు కొట్టేస్తున్నారు కొందరు. "అచో రహాభ్యాం ద్వే" అని పాణిని సూత్రం ఉంది. అచ్చు తర్వాత ర గానీ హ గానీ వస్తే, దాని వెనక హల్లును రెట్టించవచ్చు. మాస్టారు క్లాసులో ఈ సూత్రం చెప్పి, బోర్డు మీద గిలకతో "ధర్మ్మ" రాసి చూపించేవారట. శాసన పాఠం ఇస్తున్నప్పుడు దాన్ని అలాగే ఉంచండి.

అలాగే, ౯ గురించి రాస్తున్నాను కాబట్టి దాని అన్న గురించి కూడా: అక్షరం పక్కన నిండుసున్న (ం) పెట్టాల్సిన చోట తెలుగు అంకె సున్నా (౦) కొట్టకండి. కంటికి రెండూ ఒకటే. "గ్ర౦థ౦" అని కొడితే కంప్యూటర్‌కు దానిలో రెండు అంకెలున్నాయి. ఇదీ తొమ్మిది చేసినట్టే చేస్తుంది.

మాస్టారు విన్న ఆ నీతి పుస్తకాన్ని వారం రోజులు కూర్చుని దిద్దాను. ప్రతి ౯ దగ్గరా ఆగి, అంకె అయితే వదిలి, గిలక అయితే ర్ చేశాను. మనవరాలు దిద్దిన ప్రతిని ఫోన్‌లో పెట్టింది. ఆయన ఇప్పుడు మూడో అధ్యాయంలో ఉన్నారు. ఫోన్ "ధర్మము" అంటోంది.

మీ దగ్గర ఉన్న పాత పేజీల్లో అది గిలకో, తొమ్మిదో, మరకో అనుమానం వస్తే ఆ పేజీ ఫొటో తీసి పంపండి. సాయంత్రం పూట ఖాళీగానే ఉంటాను. చదివి రాసి పెడతాను.

ఇట్లు,
మీలో ఒకరైన ఒక ప్రూఫ్ రీడర్,
చీరాల